బెజ్జం

ఆదివారం పొద్దున్నే తోసుకొచ్చారు
మైపాడు ఇసకలో జనాన్ని తిప్పే నాలుగు చక్రాల బండిని,
జిలానీ ముందు, వాళ్ల బామ్మర్ది వెనక,
ఇద్దరి చొక్కాలూ వీపులకు అంటుకుపోయి.

"చోక్ లాగితే అందుకుంటాది,
వదిల్తే చచ్చిపోతాది.
ఈ పూట తిరక్కపోతే
ఫైనాన్సోడు తాళంచెవి పట్టకపోతాడన్నా."

నేనేమీ అనలేదు.
వైద్యుడు ముందు నాడి చూస్తాడు,
నేను ముందు వాసన చూస్తాను.
ట్యాంకు మూత తిప్పి ముక్కు పెడితే
పాత వార్నీషు వాసన.
వానాకాలమంతా రేకుల కింద
గోనెపట్టా కప్పుకుని పడుకున్న బండి ఇది.
పెట్రోలు కూడా పాలలాంటిదే,
నిలవుంటే విరుగుతుంది.

కార్బురేటర్ విప్పాను.
అరచేతిలో ఇమిడే వస్తువు,
మండపీతంత బరువు.
కింది గిన్నె మర వదులు చేసి
స్టీలు గ్లాసులోకి వంపాను.
అడుగున నీటి పూసలు దొర్లాయి
పెట్రోలుతో కలవకుండా.
వాటి పక్కన ఎర్రటి తుప్పు,
నాలుగు ఇసక రేణువులు.
సముద్రం ఎప్పుడు దూరిందో ఇందులోకి.

పైలట్ జెట్ తీసి వెలుతురుకు పట్టాను.
ఒక కన్ను మూసి చూస్తే
ఆకాశం ఆవగింజంత కనపడాలి.
కనపడలా.

జిలానీ గుండుసూది అందించాడు.
చేతి మీద ఒక్కటిచ్చాను.
ఇత్తడి మెత్తనిది నాయనా,
సూది పెడితే బెజ్జం పెద్దదవుతుంది,
పెద్దదైన బెజ్జం మళ్లీ చిన్నదవదు.
ఈ మాట కోవూరులో నాకు పానా పట్టడం నేర్పిన
దశరథయ్య మేస్త్రిది.
నలభై ఏళ్లు గొట్టంలోంచి నోటితో పెట్రోలు లాగి లాగి
చేపల పులుసులో పులుపు తెలీకుండా పోయిన మనిషి.
భార్య వడ్డించి "ఎట్టుండాది?" అంటే
"బ్రెమ్మాండం" అనేవాడు,
ఆమె ఉప్పు మరిచిపోయిన రోజు కూడా.

పాత వైరు ఒలిచి ఒక్క రాగి పోగు తీశాను.
దూర్చి, తిప్పి, ఊది,
మళ్లీ వెలుతురుకు పడితే
వచ్చింది ఆవగింజంత ఆకాశం.
ఫ్లోటు ముల్లు తుడిచాను,
గాలి మర లోపలికంటా బిగించి
ఒకటిన్నర చుట్టు వెనక్కి.
కొత్త పెట్రోలు పోశాం.
కొట్టగానే అందుకుంది.
చోక్ వదిలినా పలుకుతూనే ఉంది.
బామ్మర్ది ఈల వేశాడు.

సర్వి తోపు దాటేదాకా చూశాను.
దాటింది. ఆగిపోయింది.

నడిచొచ్చారు ఇద్దరూ తలలు దించుకుని,
తప్పు వాళ్లు చేసినట్టు.
ఇంకేం మిగిలింది?
కుళాయి వస్తోంది. పైపు మెలిక పడలేదు.
ప్లగ్గు తెల్లగా ఉంది, అంటే బండి ఆకలి మీదుంది.
ట్యాంకు నిండా పెట్టుకుని ఆకలేంది?
మూత వదులు చేశాను.
సుయ్‌మంది లోపలికి,
మునిగి తేలినవాడు లాక్కునే ఊపిరిలాగా.

ఇంతసేపూ గిన్నె అడుగున వెతికాను.
మూత మీంచి హ్యాండిల్ దాకా పోయే
సన్నటి రబ్బరు గొట్టం, దాని కొసన
మట్టి బిరడా.
చీల్చి చూస్తే వరసగా సాలీళ్లు,
చావకుండా, కదలకుండా,
వాటి మధ్య బియ్యపుగింజంత పిల్లపురుగు.
మొన్నెప్పుడో ఏ కందిరీగో
పడుకున్న బండిని చూసి
అద్దెకి దిగినట్టుంది.

జిలానీ విసిరేయబోయాడు.
ఆ ముక్క అట్టే తీసుకుని
పానాల అర మీద, ఎండ తగలని మూల పెట్టాను.
జానెడు కొత్త గొట్టం తొడిగాను.
"ఎంతన్నా?" అన్నాడు.
జెట్టు కడిగినందుకు రెండొందలు.
గొట్టం చీల్చినందుకు ఎంతడగాలో తెలీక
ఊరుకున్నాను.

రెండింటికి ఇంటికి పోయి అన్నం కలిపాను.
చేతులు రెండుసార్లు కడిగినా
ముద్దలో పెట్రోలు.
"ఎట్టుండాది?" అంది మా ఆవిడ.
నాలిక మీద కాసేపు ఉంచుకుని చెప్పాను,
"పులుపు ఒక రవ్వ ఎక్కువైంది."
ఆ మాట అనగలిగినందుకు
నాకు భలే సంతోషమేసింది.
ఆమెకేమీ వెయ్యలేదు.